పదిహేడు గెలిచి తలుపులు మూసుకున్న జట్టు

(కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో తెలుగువాళ్లు నెలనెలా కలుసుకునే ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇక్కడ ప్రబంధాల మీద చక్కటి ప్రసంగం విన్నాం. ఆ వెంటనే నా వంతు రావడం నా గ్రహపాటు. సాహిత్యం నాకు అంతంత మాత్రం. "మీకు బాగా తెలిసింది ఏదైనా మాట్లాడండి" అన్నారు నిర్వాహకులు. ఇంటికెళ్లి ఆ మాట చెబితే మా ఆవిడ, "నీకు బాగా తెలిసినవి రెండే. ఒకటి డేటాబేస్, రెండోది ఆ పోయిన ఫుట్‌బాల్ జట్టు. మొదటిది మాట్లాడితే జనం లేచి వెళ్లిపోతారు" అంది. (నవ్వులు) అందుకని రెండోది.

ముందుగా చేతులెత్తండి. శాన్ హోజే సేబర్‌క్యాట్స్ అనే ఆ జట్టు పేరు విన్నవాళ్లు ఎంతమంది? ఒకటి, రెండు... మూడు. మీరు తల గోక్కుంటున్నారా, చెయ్యెత్తారా? (నవ్వులు) సరే, రెండే. ఇప్పుడు ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ పేరు విన్నవాళ్లు? చూశారా, పిల్లలు తప్ప అందరూ ఎత్తారు. గంట లోపల ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అని చూపిస్తాను.

2001 వేసవి. చాలామందికి ఆ ఏడాది గుర్తుండే ఉంటుంది. నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలంతా టెన్షన్. సన్నీవేల్‌లో నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అందులో ఇంకా ఉద్యోగం ఉన్న ఏకైక మహానుభావుడు ఒక సాయంత్రం నాలుగు టికెట్లు తెచ్చాడు. ఆఫీసులో ఎవరూ తీసుకోకపోతే మిగిలాయట. "ఫుట్‌బాల్ అంట, హాల్లో ఆడతారంట, ఏసీ ఉంటుంది పదండి" అన్నాడు. మేము వెళ్లింది ఆ ఏసీ కోసమే.

ఆ హాలు మీకు తెలిసిందే. 1993లో కట్టారు. మొదట శాన్ హోజే ఎరీనా అన్నారు. 2001లో కాంపాక్ వాళ్లు పేరు కొనుక్కున్నారు. ఆ కాంపాక్‌ను హెచ్‌పీ మింగేశాక హెచ్‌పీ పెవిలియన్ అయింది. 2013 నుంచి శాప్ సెంటర్. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్న శాప్ పేరు ఇక్కడ ఇంత పెద్ద అక్షరాలతో కనిపిస్తే మా తమ్ముడు ఫొటో దిగి ఇంటికి పంపాడు. అది ఐస్ హాకీ ఆడే హాలు. దాని మీద పచ్చ తివాచీ పరిచేస్తే అదే ఫుట్‌బాల్ మైదానం.

బయట ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు వంద గజాలు. ఇక్కడ యాభై. వెడల్పు 85 అడుగులు. చుట్టూ నడుమెత్తు గోడ, దానికి మెత్తటి దిండ్లు కుట్టి ఉంటాయి. ఆటగాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ గోడకు కొట్టుకుని అవతలికి, జనం ఒళ్లోకి పడతాడు. మొదటి వరుసలో కూర్చున్నవాడి కూల్‌డ్రింక్‌కు గ్యారంటీ లేదు. జట్టుకు పదకొండు మంది బదులు ఎనిమిది మంది. గోల్ స్తంభాలకు రెండు పక్కలా పెద్ద వలలు కడతారు. తన్నిన బంతి వలకు తగిలి వెనక్కి వస్తే ఆట ఆగదు, ఎవరు పట్టుకుంటే వాళ్లది. చేతకాకపోతే బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకోవడం బయట ఆటలో ఉంది. ఇక్కడ అది నిషేధం. దాంతో పాయింట్లు వర్షంలా పడతాయి. ఒక్క ఆటలో రెండు జట్లూ కలిసి వంద దాటడం మామూలే. జనంలోకి వచ్చి పడిన బంతి ఎవరికి దొరికితే వాళ్లే ఇంటికి పట్టుకుపోవచ్చు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

ఇంకో ముచ్చట ఏమిటంటే అప్పట్లో చాలామంది ఆటగాళ్లు రెండు వైపులా ఆడాలి. బంతి మన చేతిలో ఉన్నప్పుడు పరుగెత్తి పట్టుకునేవాడే, బంతి అవతలి వాళ్ల చేతికి పోగానే వాళ్లను అడ్డుకోవాలి. వాళ్లను ఐరన్‌మ్యాన్ అనేవాళ్లు. మన ఊళ్లో కబడ్డీ లాగే. కూతకు వెళ్లొచ్చినవాడు అలిసిపోయానని కూర్చుంటానంటే కుదురుతుందా? పట్టుకోవడానికీ వాడే నిలబడాలి. నాకు ఆ ఆట అందుకే అర్థమైందనుకుంటాను. బయట ఆడే ఫుట్‌బాల్ ఇన్నేళ్లయినా నాకు పూర్తిగా అర్థం కాలేదు, ఎవరికీ చెప్పకండి. (నవ్వులు) ఆ రోజు సేబర్‌క్యాట్స్ తరఫున బ్యారీ వాగ్నర్ అనే ఆయన ఆడాడు. ఓర్లాండోలో ఆడిన రోజుల్లో ఐరన్‌మ్యాన్ బహుమతి మళ్లీ మళ్లీ గెలుచుకున్న మనిషి, 2000లో ఇక్కడికి వచ్చాడు. మైదానం దిగకుండా ఆడుతూనే ఉన్నాడు. రెండు గంటల పాటు నాకు వీసా గుర్తుకు రాలేదు. అంతే, పట్టుబడిపోయాను.

ఈ ఆట పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1981లో జిమ్ ఫాస్టర్ అనే ఆయన న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు వెళ్లాడు. అక్కడ సాకర్‌ను, అంటే మన దేశంలో ఫుట్‌బాల్ అనే ఆటను, హాల్లో ఆడుతున్నారు. సాకర్‌ను ఆడగా లేనిది అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఎందుకు ఆడకూడదు అనిపించి, చేతిలో ఉన్న కవరు మీద మైదానం బొమ్మ గీసుకున్నాడు. 1987లో నాలుగు జట్లతో ఎరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆ వలల ఆటకు పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. ఆటకు పేటెంటు ఏమిటని నాకు మొదట నవ్వొచ్చింది. మన కోడిపందేలకు ఎవరూ పేటెంటు తీసుకోలేదు కాబట్టి బతికిపోయాం.

శాన్ హోజే జట్టు 1995లో వచ్చింది. మొదటి నాలుగేళ్లూ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1999లో డ్యారెన్ ఆర్బెట్ ప్రధాన కోచ్‌గా వచ్చాడు, అక్కడి నుంచి కథ మారింది. అదే ఏడాది మార్క్ గ్రీబ్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, కూడా వచ్చాడు. యూసీ డేవిస్‌లో చదువుకున్నవాడు, అంటే మనకు రెండు గంటల దూరంలో. పెద్ద పేరున్న ఫుట్‌బాల్ కాలేజీ కాదది. బయట ఆడే ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు కన్నెత్తి చూడని కాలేజీల నుంచే ఈ లీగ్‌కు మనుషులు వచ్చేవాళ్లు. కర్ట్ వార్నర్ పేరు మీలో కొందరికైనా తెలుసు కదా? అయోవాలో సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట అరలు సర్దిన మనిషి. గంటకు ఐదున్నర డాలర్ల కూలి. అక్కడి ఎరీనా జట్టులో మూడు సీజన్లు ఆడాడు. 2000 జనవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ తర్వాత ఎరీనా లీగ్‌లో ప్రతి కుర్రాడూ తానే రేపటి వార్నర్ అనుకున్నాడు. అమీర్‌పేట హాస్టల్లో మేమంతా రేపటి బిల్ గేట్స్‌లం అనుకోలేదూ? అలాగే.

2002లో సేబర్‌క్యాట్స్ పద్నాలుగు ఆటల్లో పదమూడు గెలిచింది. ఫైనల్ ఇక్కడే, మన హాల్లోనే. అరిజోనా రాట్లర్స్ మీద 52–14. వంద పాయింట్లు పండే ఆటలో అవతలి జట్టును పద్నాలుగు దగ్గర ఆపేయడమంటే... మన క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఇరవై ఓవర్ల ఆటలో అవతలి వాళ్లను యాభైకి ఆలౌట్ చేసినట్టు. 2004లో మళ్లీ అదే అరిజోనా, ఈసారి వాళ్ల ఊళ్లో, 69–62. 2007లో న్యూ ఆర్లీన్స్‌లో కొలంబస్ మీద 55–33. ఆరేళ్లలో మూడు కప్పులు. ఆ రోజుల్లో ఆట చూడటానికి వెళ్లి పార్కింగ్ దొరక్క నాలుగు వీధుల అవతల కారు పెట్టి పరుగెత్తేవాళ్లం.

ఇప్పుడు ఫ్రైస్ దగ్గరికి వద్దాం. నేను కొత్తగా వచ్చిన వారంలో రూమ్మేటు "ఫ్రైస్‌కి వెళ్దాం" అంటే బంగాళదుంప వేపుళ్లు తినడానికి అనుకుని భోజనం మానేశాను. (నవ్వులు) తీరా చూస్తే కంప్యూటర్ల కొట్టు. 1985లో సన్నీవేల్‌లో అన్నదమ్ములు మొదలుపెట్టారు. సూపర్‌మార్కెట్లు నడిపిన కుటుంబం కాబట్టి ఎలక్ట్రానిక్స్‌నూ కూరగాయల లెక్కన అమ్మారు. మెమరీ చిప్సూ ఆలుగడ్డ చిప్సూ ఒకే కప్పు కింద. ఒక్కో కొట్టుకు ఒక్కో వేషం. బ్రోకా రోడ్డులోది మాయన్ల గుడి, క్యాంప్‌బెల్‌లోది ఈజిప్టు, పాలో ఆల్టోలోది కౌబాయ్‌ల ఊరు. బిల్లు దగ్గర ఒకటే క్యూ, పామంత పొడుగు. ఆ క్యూలో నిలబడి పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. (నవ్వులు, చప్పట్లు)

సేబర్‌క్యాట్స్ యజమానుల్లో ప్రధానమైన వ్యక్తి జాన్ ఫ్రై. ఆ అన్నదమ్ముల్లో ఒకడు. శాంటా క్లారా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్నాడు. లెక్కల మీద ఎంత ప్రేమంటే, 1994లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అనే పరిశోధన సంస్థ పెట్టడానికి వెన్నుదన్నుగా నిలిచాడు. అంటే కంప్యూటర్ల కొట్టు డబ్బుతో ఒక చేత్తో గణితశాస్త్రజ్ఞులను, ఇంకో చేత్తో ఫుట్‌బాల్ ఆటగాళ్లను పోషించాడన్నమాట. మా తాత చిన్నప్పుడు వాళ్ల ఊరి జమీందారు ఇలాగే ఒక చేత్తో వేదపాఠశాల, ఇంకో చేత్తో నాటక సమాజం నడిపేవాడట. జమీ ఉన్నన్నాళ్లూ కృష్ణుడి కిరీటానికి తళుకులు తగ్గలేదట. టికెట్లు అమ్ముడుపోయాయా లేదా అని కృష్ణుడు ఎప్పుడూ అడగలేదు.

నా కోపం ఇక్కడి నుంచే మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

2000 తర్వాత ఈ లీగ్‌కు రెక్కలొచ్చాయి. 2003లో ఎన్‌బీసీ టీవీలో చూపించడం మొదలైంది. ఆ ఒప్పందంలో ఒక చిత్రం ఉంది. ఎన్‌బీసీ వాళ్లు హక్కుల కోసం ముందుగా పైసా కట్టలేదు. ప్రకటనల మీద వచ్చిన ఆదాయం పంచుకుందాం అన్నారు. అంటే కోడలొచ్చింది కానీ కట్నం రాలేదు. టీవీలో కనిపించాం అనగానే జట్టు పెట్టడానికి కట్టాల్సిన రుసుము పది మిలియన్ డాలర్లు దాటింది. ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులే వచ్చి కొన్నారు. డల్లాస్‌లో జెర్రీ జోన్స్, న్యూ ఆర్లీన్స్‌లో టామ్ బెన్సన్. కొలరాడోలో పాత ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు జాన్ ఎల్వే, ఫిలడెల్ఫియాలో పాటగాడు జాన్ బాన్ జోవీ. 2008లో సగటున ఒక్కో ఆటకు పన్నెండు వేల మందికి పైగా వచ్చారు. బయట నుంచి చూస్తే పెళ్లిపందిరి. లోపల మాత్రం వంటవాడికి ఇవ్వడానికి డబ్బుల్లేవు. కొత్తగా వచ్చేవాడు కట్టే రుసుముతో పాతవాళ్ల కడుపు నిండేది. ఇలాంటి స్కీముల్ని మనం విజయవాడలోనూ చూశాం కదా.

2008 జులైలో ఫైనల్‌కు రెండు రోజుల ముందు లీగ్ కమిషనర్ రాజీనామా చేశాడు. పందిట్లో మంత్రాలు మొదలయ్యాక పురోహితుడు సైకిలెక్కి పోయినట్టు. ఆ ఫైనల్‌లో మన జట్టు ఫిలడెల్ఫియా చేతిలో 59–56తో ఓడింది. మూడు పాయింట్లు. పాత లీగ్‌లో అదే చివరి ఆట. అక్టోబర్‌లో న్యూ ఆర్లీన్స్ జట్టు మూసేశారు. డిసెంబర్‌లో 2009 సీజన్ రద్దన్నారు. ఆ శీతాకాలం బ్యాంకులే కూలుతుంటే ఫుట్‌బాల్ జట్టు ఎవరికి గుర్తుంటుంది? 2009 చివర్లో లీగ్ ఆస్తులు, అంటే పేర్లూ గుర్తులూ అవీ, వేలంలో 6.1 మిలియన్ డాలర్లకు పోయాయి. అంతకు ముందు ఒక్క జట్టు పెట్టడానికే దానికన్నా ఎక్కువ అయ్యేది.

కొన్నవాళ్లు 2010లో మళ్లీ మొదలుపెట్టారు, చౌకగా. ఆటగాడికి ఒక్కో ఆటకు 400 డాలర్లు. నాలుగు వందలు! మోకాలు విరిగితే ఎక్స్‌రేకి సరిపోదు. 2012లో ఆ జీతాల గొడవ ఎక్కడిదాకా వెళ్లిందంటే, సీజన్ మొదటి రోజే ఆటగాళ్లు సమ్మె అన్నారు. పిట్స్‌బర్గ్ జట్టు ఓర్లాండోలో ఆలివ్ గార్డెన్ హోటల్లో కూర్చుని ఆటకు ముందు భోంచేస్తోంది. యజమాని అక్కడికే వచ్చి అందరినీ ఉద్యోగాల్లోంచి తీసేశానన్నాడు. బ్రెడ్డు ముక్క నోట్లో ఉండగానే. 2001లో నన్ను తీసేసినప్పుడు కనీసం మీటింగ్ రూములో కూర్చోబెట్టి చెప్పారు.

సేబర్‌క్యాట్స్ 2011లో తిరిగి వచ్చింది. అదే ఆర్బెట్, అదే గ్రీబ్. జనం మాత్రం తగ్గారు. లీగ్ మొత్తమ్మీద సగటు ఎనిమిది వేల చిల్లర. పదిహేడు వేల మంది పట్టే హాల్లో అంతమంది కూర్చుంటే పెళ్లికి వాన పడినట్టుంటుంది. పై అంతస్తులో నల్లటి పరదాలు కట్టేవాళ్లు. మాకు పార్కింగ్ సులువుగా దొరికేది. అది సంతోషించాల్సిన విషయం కాదని అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఇక 2015. 2012, 13, 14 మూడేళ్లూ కప్పు అరిజోనాదే. 2015లో మన జట్టు పద్దెనిమిది ఆటలు ఆడి పదిహేడు గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ ఎరిక్ మేయర్. ఇంత బాగా ఆడిన జట్టును మళ్లీ నేను చూడలేదు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. వాడు ఆ వేసవి అంతా స్కోర్లు గోడ మీద పెన్సిల్‌తో రాశాడు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోసుకున్నారు. ఫైనల్‌ను సొంత ఊళ్లో ఆడే హక్కు మనకే వచ్చింది. కానీ ఎక్కడ ఆడాలి? శాప్ సెంటర్ ఆ తేదీకి ఖాళీ లేదు. హాలు మనది కాదు, అద్దెది. హాకీ జట్టుకీ కచేరీలకీ పోగా మిగిలిన తేదీలే ఫుట్‌బాల్‌కు. సొంత ఊరి జట్టు, సొంత ఊరి ఫైనల్, ఆడింది స్టాక్‌టన్‌లో. ఆగస్టు 29న కారులో గంటన్నర ప్రయాణం చేసి వెళ్లాం. స్టాక్‌టన్ ఊరు 2012లో దివాలా తీసింది, 2015లోనే ఆ కేసులోంచి బయటపడింది. దివాలా తీసిన ఊరి హాల్లో, అరవై ఎనిమిది నలభై ఏడు తేడాతో జాక్సన్‌విల్‌ను ఓడించి, నాలుగో కప్పు ఎత్తారు. రంగు కాగితాలు పైనుంచి పడ్డాయి. మా అబ్బాయి గుప్పెడు ఏరి జేబులో పోసుకున్నాడు.

నవంబర్‌లో ప్రకటన వచ్చింది. జట్టు ఇక ఆడదు.

గెలిచిన మూడు నెలలకే. నాకు ఓ పట్టాన అర్థం కాలేదు. మన దేశంలో ఓడిపోతే దిష్టిబొమ్మలు తగలబెడతారు, పేపర్లో తిడతారు. గెలిచినవాణ్ణి మూసేయడం ఎక్కడైనా ఉందా? చాలాకాలం ఆలోచించాక నాకు తట్టింది ఒకటే. ఆ జట్టు గెలుపుకూ దాని కూటికీ ఎప్పుడూ సంబంధం లేదు. పదిహేడు గెలిచినా ఏడు గెలిచినా ఖర్చు పెట్టేది ఒకే జేబు. జేబు మూసుకుంటే ఆట ముగిసింది. ఆర్బెట్ గొప్ప కోచ్, గ్రీబ్ గొప్ప ఆటగాడు, కానీ వాళ్ల ప్రతిభ ఆ జేబు దాకా చేరే దారి ఎవరూ వేయలేదు.

మన తెలుగు టైటాన్స్‌ను చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి ఆడుతోంది. ఇంతవరకు ఒక్క కప్పూ లేదు. కొన్ని సీజన్లలో ఆట చూస్తే ఏడుపొచ్చేది, రాహుల్ చౌదరి ఒక్కడే కూతకెళ్లి ఒక్కడే మోసుకొచ్చేవాడు. అయినా జట్టు ఉంది. ఎందుకంటే ఆ లీగ్ వెనక స్టార్ టీవీ కూర్చుంది. టైటాన్స్ ఓడినా ఆ సాయంత్రం టీవీలో ప్రకటనలు ఆగవు. నాలుగు కప్పుల సేబర్‌క్యాట్స్ లేదు, కప్పు లేని టైటాన్స్ ఉంది. టైటాన్స్ అభిమానులు నన్ను తిట్టుకోవద్దు, నేనూ అభిమానినే, అందుకే బాధ. (నవ్వులు)

అరిజోనా రాట్లర్స్ ఇంకో దారి పట్టింది. 2016 అయ్యాక పెద్ద పేరున్న ఆ లీగ్‌ను వదిలేసి, ఖర్చు తక్కువున్న చిన్న లీగ్‌లో చేరింది. పరువు తగ్గిందని నవ్వినవాళ్లు ఉన్నారు. రాట్లర్స్ ఇంకా ఆడుతోంది. నవ్వినవాళ్ల లీగ్ 2017లో ఐదు జట్లకు, 2018లో నాలుగింటికి పడిపోయి, 2019 నవంబర్‌లో దివాలా కోర్టు మెట్లెక్కింది. 2024లో అదే పేరుతో వేరేవాళ్లు పదహారు జట్లతో మొదలుపెడితే, కొన్ని వారాలకే సగం జట్లు చెల్లాచెదురయ్యాయి. దాని గురించి మాట్లాడి మీ టైం తినను.

ఫ్రైస్ సంగతి మీకు తెలుసు. చివరి రెండేళ్లలో లోపలికి వెళితే అరలు ఖాళీ. ఒక అర నిండా ఒకే రకం కేబుల్ వేలాడదీసేవాళ్లు, బోసిగా కనిపించకుండా. 2021 ఫిబ్రవరిలో ఒక్క రాత్రిలో ముప్పై ఒక్క కొట్లూ మూసేశారు. బ్రోకా రోడ్డు మాయన్ల గుడి ముందు కారు ఆపుకుని కాసేపు కూర్చున్నాను. పరదాలు కట్టిన పై అంతస్తూ ఈ ఖాళీ అరలూ నాకు ఒకేలా కనిపించాయి.

ప్రశ్నలేమైనా ఉంటే... చెప్పమ్మా, నువ్వే, గులాబీ రంగు గౌను.

(ఒక పాప: అంకుల్, బాల్ మన మీద పడితే ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు కదా. మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?)

(నవ్వులు) ఇదీ ప్రశ్నంటే. ఒక్కటీ లేదమ్మా. ఇన్నేళ్లు వెళ్లాను, గోడ పక్క సీటు కోసం ఎక్కువ డబ్బులూ పెట్టాను. 2022లో బే ఏరియా పాంథర్స్ అని చిన్న లీగ్ జట్టు అదే హాలుకు వస్తే అదీ చూశాను, 2023లో వాళ్లు కప్పు గెలిచారు, బంతి మాత్రం నా వైపు రాలేదు. స్టాక్‌టన్ ఫైనల్లో ఒక్కసారి వచ్చింది. నేరుగా నా మీదికే. రెండు చేతులూ చాచాను. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి "నాన్నా, నాచోస్!" అని అరిచాడు, పళ్లెం ఒరిగిపోతోందని. నేను పళ్లెం పట్టుకున్నాను. బంతి వెనక వరుసలో ఒక బామ్మగారి ఒళ్లో పడింది. ఆవిడ దాన్ని చేతిసంచిలో పెట్టుకుని జిప్పు వేసేసింది.